విమానం దిగిన తరువాత

బిట్రగుంట రైలుపట్టణం. నెల్లూరుకు ఉత్తరంగా, కావలికి దక్షిణంగా, బెజవాడ-గూడూరు మార్గంమీద ఉన్న ఈ స్టేషనుకు పేరు తెచ్చినది ఆవిరియంత్రాల కాలంలో అక్కడ ఉండిన లోకోషెడ్డు. ఆవిరియంత్రం అట్టే దూరం ఏకబిగిన పరుగెత్తలేదు. నీరు పట్టాలి, బొగ్గు నింపాలి, పొయ్యిలో పేరుకొన్న బూడిద దులపాలి, కీళ్ళకు నూనె పోయాలి. యంత్రంతోబాటు దానిని నడిపినవారికీ విశ్రాంతి కావాలి. ఆ కారణంగా ఇట్టి షెడ్డు ఉన్నచోటనల్లా రైల్వేవారు ‘రన్నింగ్ రూము’ అనే విడిది ఒకటి కట్టించేవారు. రైలు తెచ్చిన డ్రైవరు, ఫైరుమన్ అక్కడ స్నానం చేసేవారు. వెంట తెచ్చుకొన్న బియ్యం, పప్పు వంటవానికి ఇచ్చి వండించుకొని తినేవారు, మంచంమీద నడుము వాల్చేవారు. తిరుగు బండికి వేళ కాగానే ‘కాల్‌బాయ్’ వచ్చి నిద్రలేపి, పుస్తకంలో సంతకం పెట్టించుకొని పోయేవాడు. యంత్రం దిగిన మనిషి ఎక్కడికి పోతాడు, ఏమి తింటాడు, మళ్ళీ వేళకు ఎట్లా వస్తాడు అన్న ప్రశ్నలకు రైల్వేవారు పట్టాలు పరచిననాడే సమాధానం చెప్పుకొన్నారు.

విమానాశ్రయాలు కట్టేవారు ఈ ప్రశ్నలను ఇంత శ్రద్ధగా వేసుకొన్నట్లు కనిపించదు. బిట్రగుంటకు పది పన్నెండు కిలోమీటర్ల దూరంలో, జాతీయ రహదారి చేరువన, దగదర్తి మండలంలో విమానాశ్రయం కట్టాలన్న ప్రతిపాదన చాలా ఏళ్ళుగా ఉన్నది. 2019 జనవరిలో శంకుస్థాపన జరిగింది. ఆ తరువాత పని సాగలేదు. 2024లో ఆ ప్రతిపాదనను మళ్ళీ చేపట్టారు. ఇట్టి ప్రతిపాదన ఏ జిల్లాలో వచ్చినా చర్చ అంతా ఎన్ని ఎకరాలు, రన్‌వే ఎంత పొడవు, ఎంత పెద్ద విమానం దిగగలదు అన్నవాటి చుట్టూ తిరుగుతుంది. దిగిన మనిషి గేటు దాటి ఏ బండి ఎక్కుతాడు అన్న మాట చివరికిగాని రాదు, చాలాసార్లు అసలే రాదు. పెద్ద విమానాశ్రయానికి ఈ లోపం అంత హాని చేయదు. రెండువందలమంది ఒక్కసారిగా దిగేచోటికి టాక్సీలు తమంతట తామే వచ్చి నిలుస్తాయి. బాధ అంతా చిన్న విమానాశ్రయానిది, అందులోనూ చిన్న విమానంలో ఒంటరిగానో, ఇద్దరుగానో దిగేవారిది. ఒక్క మనిషి కోసం ఏ ఆటోవాడూ ఎండలో కాచుకొని ఉండడు.

అట్లా దిగేది ఎవరు? సొంత విమానం అనగానే కోటీశ్వరుల విలాసం అనుకొంటాము. మనదేశంలో సొంత విమానాలు తక్కువే. కాని చిన్న విమానాలలో తిరిగేవారిలో హెచ్చుమంది శిక్షణ పొందే యువకులు, వారి గురువులు. ప్రైవేటు పైలటు లైసెన్సు కోరే అభ్యర్థి ఒంటరిగా 270 కిలోమీటర్లకు తగ్గని ప్రయాణం చేసి, త్రోవలో రెండు వేరువేరు విమానాశ్రయాలలో పూర్తిగా దిగి ఆగాలని అంతర్జాతీయ నియమం. వాణిజ్య లైసెన్సుకు ఆ దూరం 540 కిలోమీటర్లు. పద్దెనిమిదేళ్ళ కుర్రవాడు ఎన్నడూ చూడని నేలమీద ఒంటరిగా దిగి, యంత్రం ఆపి, చుట్టూ చూస్తాడు. మంచినీళ్ళు ఎక్కడ, అన్నం ఎక్కడ, వాన పట్టుకొంటే రాత్రి పడుకొనేది ఎక్కడ? ఇంజనీరునో, విడిభాగాన్నో, రోగికి కావలసిన మందునో తెచ్చే చిన్న విమానానిదీ ఇదే అవస్థ.

సమస్య ఎంత పెద్దదో లెక్క వేసి చూడవచ్చు. గన్నవరంనుండి దగదర్తికి గగనమార్గాన సుమారు 225 కిలోమీటర్లు. రెండు కూర్చుండే చోట్లు గల సెస్నా 152 వంటి శిక్షణ విమానం గంటకు 180 కిలోమీటర్ల వేగంతో పోతుందని అనుకొందాము. గాలిలో గడిచేది ఒక గంట 15 నిమిషాలు. బెజవాడలో ఇంటినుండి గన్నవరం చేరడానికి 40 నిమిషాలు, విమానాన్ని తనిఖీ చేసి కాగితాలు, అనుమతులు పూర్తి చేయడానికి 45 నిమిషాలు, దిగిన తరువాత విమానాన్ని మోకులతో కట్టివేయడానికి 20 నిమిషాలు, బండి దొరికి బిట్రగుంట చేరడానికి 45 నిమిషాలు పడుతాయనుకొంటే, నేలమీద గడిచినది రెండున్నర గంటలు. మొత్తం మూడుముప్పావు గంటలు. 225ను మూడుముప్పావుతో భాగిస్తే గంటకు 60 కిలోమీటర్లు. రైలైతే దాదాపు అంతే దూరాన్ని ఇంతకంటె తక్కువ కాలంలో, తక్కువ ఖర్చుతో దాటుతుంది.

ఇప్పుడు ఇంకొక విమానం తెద్దాము. దాని వేగం రెట్టింపు, గంటకు 360 కిలోమీటర్లు. గాలిలో కాలం సగమై 37½ నిమిషాలకు దిగింది. నేలమీది రెండున్నర గంటలు మాత్రం మారలేదు. మొత్తం కాలం 3 గంటల 7½ నిమిషాలు, సగటు వేగం గంటకు 72 కిలోమీటర్లు. అంత ఖరీదైన యంత్రం తెచ్చినందుకు లభించిన లాభం గంటకు 12 కిలోమీటర్లు. దానికి బదులుగా పాత విమానమే ఉంచుకొని నేలమీది కాలాన్ని సగం చేస్తే మొత్తం రెండున్నర గంటలే అవుతుంది, సగటు వేగం 90 కిలోమీటర్లకు పెరుగుతుంది. విమానం వేగాన్ని రెట్టింపు చేయడంకంటె నేలమీది ఆలస్యాన్ని సగం చేయడం మేలు అని ఈ చిన్న భాగహారమే చెబుతున్నది. ఐనా యంత్రశాస్త్రజ్ఞులు నూరేళ్ళుగా మొదటి పనికే తమ తెలివినంతా ధారపోశారు. రెండవది ఎవరి పనీ కాకుండా పోయింది.

నేలమీది కాలంలో పెద్ద దొంగ ప్రయాణం కాదు, నిరీక్షణ. దగదర్తినుండి బిట్రగుంటకు 12 కిలోమీటర్లనుకొంటే, నడిచేవాడికి రెండున్నర గంటలు, సైకిలుమీద ముప్పావుగంట, ఆటోలో 25 నిమిషాలు. కాని ఆటో కోసం ఎంతసేపు నిలువవలెను? గంటకు రెండు బస్సులు సరిగా 30 నిమిషాల ఎడంతో వస్తే, వేళ తెలియక వచ్చి నిలిచినవాడు సగటున 15 నిమిషాలు ఎదురుచూస్తాడు. ఆ రెండే బస్సులు ఒకదాని వెనుక ఒకటి 10 నిమిషాలకు వచ్చి, తరువాత 50 నిమిషాలు ఏదీ రాకపోతే సగటు నిరీక్షణ ఎంత? గంటకు రెండు బస్సులేకదా, అదే 15 నిమిషాలు అని చాలామంది అంటారు. అది పొరపాటు. మనిషి చిన్న ఎడంలోకంటె పెద్ద ఎడంలో వచ్చిపడే అవకాశం ఐదురెట్లు. లెక్క ఇది: 10 వర్గం 100, 50 వర్గం 2500, కలిపితే 2600. దానిని 60కి రెట్టింపైన 120తో భాగిస్తే 21 నిమిషాల 40 సెకన్లు. బస్సుల సంఖ్య మారలేదు, ఎడం చెడినందుకే నిరీక్షణ దాదాపు సగం మేర పెరిగింది. ‘మన ఊరికి బస్సులు చాలా ఉన్నవి’ అన్న సమాధానం ఎందుకు చాలదో దీనినిబట్టి తెలుస్తుంది. నిండితేగాని కదలని షేరు ఆటోల విషయంలో ఈ లెక్కకూడా పనిచేయదు. అవి కదిలేది గడియారాన్నిబట్టి కాదు, ఎక్కిన తలలనుబట్టి.

ఈ ఆలస్యం విసుగుతో పోయేదైతే ఇంత చర్చ అక్కరలేదు. అది గాలిలో అపాయంగా మారుతుంది. కంటిచూపు ఆధారంగా నడిపే విమానాలు మనదేశంలో సూర్యాస్తమయం తరువాత 20 నిమిషాలకు మించి ఎగరరాదని నియమం ఉన్నది. డిసెంబరు మొదటి వారంలో బెజవాడలో సుమారు 5 గంటల 35 నిమిషాలకు సూర్యుడు అస్తమిస్తాడు. అంటే 5 గంటల 55 నిమిషాలకు చక్రాలు నేలను తాకి ఉండవలెను. గాలిలో 75 నిమిషాలు తీసివేస్తే 4 గంటల 40 నిమిషాలకు దగదర్తినుండి లేవాలి. తనిఖీకి 40 నిమిషాలు తీస్తే 4 గంటలకు అక్కడ ఉండాలి. ఆటో ప్రయాణం 25 నిమిషాలు, బండి కోసం నిలవడం అదృష్టం బాగులేకపోతే 50 నిమిషాలు. కనుక మధ్యాహ్నం 2 గంటల 45 నిమిషాలకే బిట్రగుంటలో పని ముగించుకోవాలి. ముగియలేదు. అప్పుడు చోదకుడు దేనిని కుదిస్తాడు? ఆటోను తొందరపెట్టలేడు. సూర్యుణ్ణి ఆపలేడు. అతని చేతిలో ఉన్నది తనిఖీ ఒక్కటే. పెట్రోలు తొట్టి అడుగున నీరు చేరిందేమో చూచే పరీక్ష, నూనె కొలత, ఆకాశ పరిస్థితి వాకబు చేయడం, వీటిలో ఒకటి జారిపోతుంది. అందులోనూ నెల్లూరు తీరానికి అది ఈశాన్య ఋతుపవనాల కాలం, మబ్బులు క్రిందికి దిగే కాలం. వైమానిక ప్రమాదాలను పరిశీలించేవారు ఎట్లాగైనా ఇల్లు చేరాలన్న ఆరాటాన్ని ఒక ముఖ్య కారణంగా చెబుతారు. ఆ ఆరాటం పుట్టేది చాలాసార్లు రన్‌వేమీద కాదు, రోడ్డుపక్కన బండికోసం నిలిచినచోట.

నేలమీది బండికీ, గాలిలోని బండికీ మనదేశంలో బంధుత్వం మొదటినుండీ ఉన్నది. 1932 అక్టోబరు 15న జె.ఆర్.డి. టాటా కరాచీనుండి అహమ్మదాబాదు మీదుగా బొంబాయికి టపా విమానాన్ని నడిపి తెచ్చినప్పుడు అహమ్మదాబాదులో దానికి పెట్రోలు తెచ్చినది ఎద్దులబండి. ఆ టపాను బొంబాయినుండి బళ్ళారి మీదుగా మద్రాసు చేర్చినవాడు నెవిల్ విన్‌సెంట్. అంత చిన్న ఏర్పాటులోనూ ఎద్దులబండి వేళకు వచ్చి నిలిచి ఉన్నదన్నది గమనించవలసిన విషయం.

ఇతర దేశాలలో ఈ చిక్కుకు వెదకిన పరిష్కారాలలో అమెరికావారిది సాదాగా ఉంటుంది. ఆ దేశంలో ప్రజలు వాడుకోదగిన విమానాశ్రయాలు సుమారు 5,000 ఉన్నవి. వాటిలో చాలా చిన్నవాటివద్ద ఒక పాతకారును వచ్చినవారికోసం ఉంచుతారు. తాళపుచెవి కార్యాలయంలో ఉంటుంది. దిగిన చోదకుడు పుస్తకంలో పేరు వ్రాసి, ఊళ్ళోకి పోయి భోజనం చేసి, గంటా రెండుగంటలలో తిరిగివచ్చి, వాడినంత పెట్రోలు నింపి, తాళం తగిలించి పోతాడు. అద్దె లేదు. ఊరివారికి లాభం ఏమిటంటే, విమానానికి అతడు అక్కడే ఇంధనం కొంటాడు, ఊళ్ళో అన్నం తింటాడు. ఈ పద్ధతి నమ్మకంమీద నడుస్తున్నదని మెచ్చుకొనేవారు దాని వెనుక ఉన్న లెక్కను మరచిపోతారు. రోజుకు నాలుగైదు విమానాలు దిగి పెట్రోలు కొంటేనే ఆ కారు ఖర్చు గిట్టుతుంది. వారానికొకటి దిగేచోట పెట్టిన కారు బ్యాటరీ చచ్చి, టైర్లలో గాలి పోయి, షెడ్డులో కోళ్ళకు గూడవుతుంది. భీమా ఎవరు కట్టాలి, గేదె అడ్డం వచ్చి గుద్దితే ఎవరు జవాబుదారి అన్న ప్రశ్నలు వేరే ఉన్నవి. దగదర్తికి ఇది వెంటనే పనికివచ్చే పద్ధతి కాదు.

మడతసైకిలు దీనికంటె నయం. సెస్నా 152 ఖాళీ బరువు దాదాపు 500 కిలోలు, మోయదగిన మొత్తం బరువు 757 కిలోలు. తేడా 257. నిండుగా పెట్రోలు పోస్తే 67 కిలోలు, మనిషికి 75 చొప్పున ఇద్దరికి 150. మిగిలినది 40 కిలోలు. పన్నెండేసి కిలోల మడతసైకిళ్ళు రెండు అందులో ఇముడుతాయి. కాని బరువు లెక్క ఒక్కటే చాలదు. సామాను పెట్టేచోటు సీట్ల వెనుక ఉన్నది. అక్కడ పెట్టిన ప్రతి కిలో విమానపు గరిమనాభిని వెనక్కు జరుపుతుంది. అది హద్దు దాటితే ముక్కు పైకి లేచి, విమానం చోదకుని మాట వినదు. త్రాసుకోల ఒక చివర చిన్నబరువు పెట్టినా దూరం ఎక్కువైతే మొగ్గుతుందని ఎనిమిదో తరగతి విద్యార్థికి తెలుసు. చోదకుడు ప్రతి ప్రయాణానికి ముందు వేసుకొనే లెక్క అదే. బిగించి కట్టకపోతే కుదుపుకు సైకిలు ఎగిరి తలకు తగులుతుందన్నది మరొకటి. ఇక మే నెల మధ్యాహ్నం నెల్లూరు ఎండలో 12 కిలోమీటర్లు త్రొక్కి, అలసిన ఒంటితో విమానం నడపమనడం సలహా అనిపించుకోదు. డిసెంబరు ఉదయాలకు మాత్రం సైకిలును మించినది లేదు.

ఎక్కువ చప్పట్లు అందుకొన్నది ఎగిరే కారు. రెక్కలున్న బండి దిగి, రెక్కలు ముడుచుకొని రోడ్డుమీద ఇంటికి పోవడం ఎవరికైనా ముచ్చటే. అమెరికాలో వాల్డో వాటర్‌మన్ చేసిన ఆరోబైలు 1937లో ఎగిరింది. రాబర్ట్ ఫుల్టన్ ఎయిర్‌ఫిబియన్ 1946లో ఎగిరి, 1950లో ప్రభుత్వ ధ్రువపత్రం పొందింది. మోల్టన్ టేలర్ చేసిన ఏరోకారు 1949లో ఎగిరింది, 1956లో ధ్రువపత్రం పొందింది. రెక్కలను వెనుక బండిగా కట్టి ఈడ్చుకొనిపోయే ఆ కారు మొత్తం ఆరే తయారైనవి. 1947లో కాన్వెయిర్‌వారి కారువిమానం కాలిఫోర్నియాలో ఇంధనం అయిపోయి కూలింది. అందులో కారుకొక తొట్టి, విమానానికొక తొట్టి, రెండింటికీ వేరువేరు కొలతముళ్ళు. చోదకుడు చూచినది కారుదని చెబుతారు. స్లొవాకియాలో స్టెఫాన్ క్లైన్ నిర్మించిన ఎయిర్‌కార్ 2021 జూన్ 28న నిత్రా పట్టణంనుండి బ్రాతిస్లావాకు 35 నిమిషాలలో ఎగిరి, దిగి, రెక్కలు ముడిచి నగరంలోకి నడిచిపోయింది. 2022 జనవరిలో దానికి ధ్రువపత్రం లభించింది.

సాధించినవారి పట్టుదలను తక్కువచేయనక్కరలేదు. కాని సమస్యకు ఇది సమాధానమా? కారుకు గట్టి ఇనుపచట్రం, బరువైన చక్రాలు, గుద్దుకొంటే కాపాడే దళసరి కట్టు, స్ప్రింగులు కావాలి. విమానానికి ఇవన్నీ భారం. సమతలంలో ఎగిరేటప్పుడు ఉత్థాపనబలం బరువుకు సమానం కావాలి. అదే రెక్కలతో, అదే వేగంలో బరువు రెట్టింపైతే ఆ ఎత్తుడు కారణంగా కలిగే గాలి నిరోధం నాలుగు రెట్లవుతుంది. వార్తలలో వచ్చిన లెక్కప్రకారం ఎయిర్‌కార్ బరువు 1,100 కిలోలు, మోసేది 200 కిలోలు. దానికి 140 అశ్వశక్తుల యంత్రం. సెస్నా 152 బరువు అందులో సగంకంటె తక్కువ, 110 అశ్వశక్తులతో అంతకంటె ఎక్కువే మోస్తుంది. అంటే నేలమీద అరగంట నిరీక్షణ తప్పించుకోవడానికి గాలిలో ఉన్నంతసేపూ అనవసరమైన బరువును మోయవలెను. దీనికి తోడు, గోడకు గీసుకొన్న కారును మరునాడు నడపవచ్చు, గీసుకొన్న రెక్కను మాత్రం పరీక్షించకుండా గాలిలోకి లేపరాదు. వడ్లబస్తాల ట్రాక్టర్లు, ఎదురువచ్చే మోటారుసైకిళ్ళు, అడ్డంపడే గేదెలు గల మన రోడ్లమీద ముడిచిన రెక్కలు సాయంత్రానికి చెక్కుచెదరకుండా ఉంటాయని ఎవరూ హామీ ఇవ్వలేరు.

ఈ యంత్రాలన్నింటిలో ఫుల్టన్‌ది తెలివైన ఆలోచన. ఆయన బండి తన రెక్కలను, తోకను విమానాశ్రయంలోనే వదలి ముందుభాగంతో రోడ్డెక్కేది. గాలికి కావలసినదానిని గాలి దగ్గర వదిలిపోవడం అన్నమాట. ఆ తర్కాన్నే ఇంకొక మెట్టు పొడిగిస్తే రెక్కలతోబాటు యంత్రాన్నీ, సీట్లనూ అక్కడే వదలి, గేటు బయట వేరే బండి ఎక్కడం వస్తుంది. అది ఆటో కావచ్చు, బస్సు కావచ్చు.

తెలుగునాట ఇందుకు దృష్టాంతాలు లేకపోలేదు. పుట్టపర్తిలో 1990లో వచ్చిన విమానాశ్రయానికి ఈ చిక్కు లేదు, పోవలసినచోటు పక్కనే ఉన్నది. హైదరాబాదులో బేగంపేట నగరం నడుమ, రైల్వేస్టేషనుకు చేరువలో ఉన్నది. 2008 మార్చిలో విమాన సర్వీసులు శంషాబాదుకు మారిన తరువాత ప్రయాణికులు నేలమీద ఎంతకాలం కోల్పోతున్నారో వారికే తెలుసు. దొనకొండది విచిత్రమైన కథ. రెండవ ప్రపంచయుద్ధకాలంలో అక్కడ విమానాశ్రయం వెలసింది, రైల్వేస్టేషను, బిట్రగుంటలోవలె లోకోషెడ్డుకూడ ఉండేవి. ఆకాశం, పట్టాలు చేతులు కలపవలసినచోటు అది. యుద్ధం ముగిసిన తరువాత విమానాలు రాలేదు. కొరిశపాడువద్ద జాతీయ రహదారిమీదనే 2022 డిసెంబరు 29న వాయుసేన విమానాలు దిగే ప్రయత్నం జరిగింది. అది ఆపత్కాలంకోసం, సైన్యంకోసం. అక్కడ ప్రైవేటు చోదకుడు దిగరాదు. లేకుంటే చేయి ఎత్తి బస్సు ఆపవచ్చు కదా అని చమత్కరించినవారు ఉన్నారు.

దగదర్తి ప్రతిపాదనను ఈ దృష్టితో చూస్తే ఒక అనుకూలత, ఒక లోపం కనిపిస్తాయి. రహదారి చేరువన ఉన్నది, బిట్రగుంట, అల్లూరు రోడ్డు స్టేషన్లు ఆటోదూరంలో ఉన్నవి. అంతటి రైలుమార్గం ఎదుట ఉన్న చిన్న విమానాశ్రయాలు ఎక్కువ లేవు. లోపమేమిటంటే, ఎక్స్‌ప్రెస్ రైళ్ళలో చాలా భాగం ఈ స్టేషన్లలో ఆగవు. కనుక స్టేషను దగ్గరగా ఉన్నదనడంతో సరిపోదు. ఆగే బండ్ల వేళలకు సరిపడేటట్లు నడిచే ఒక చిన్న బస్సు, రెండు మంచాలు, మంచినీరు, వంటకు వీలుగల ఒక గది, గేటువద్ద ఆటో, బస్సు, రైలు వేళలు వ్రాసిన పలక కావాలి. రన్‌వే పొడవు పది మీటర్లు తగ్గించినా ఈ ఖర్చు వచ్చేస్తుందనడం అతిశయోక్తి కాకపోవచ్చు.

బోగోలు, దగదర్తి, కావలి ఉన్నతపాఠశాలల ఉపాధ్యాయులు దీనిని విద్యార్థులచేత పరీక్షింపజేయవచ్చు. ఒక పనిదినాన ఇద్దరిద్దరు విద్యార్థులు రహదారిమీద దగదర్తికి తిరిగే మలుపువద్ద నీడలో కూర్చుండి, ఉదయం 6 గంటలనుండి సాయంత్రం 6 గంటలవరకు బిట్రగుంటవైపు పోయే ప్రతి బస్సు, ప్రతి ఆటో వచ్చిన వేళను నిమిషాలతో వ్రాసుకోవలెను. ప్రక్కప్రక్కన ఉన్న వేళల మధ్య ఎడాలు తీసి, ఒక్కొక్కదానిని వర్గంచేసి, అన్నింటినీ కూడి, ఎడాల మొత్తానికి రెట్టింపుతో భాగిస్తే ఆ మలుపువద్ద సగటు నిరీక్షణ వస్తుంది. ఎండాకాలంలో ఒకసారి, నవంబరు వానలలో ఒకసారి చేస్తే రెండింటికీ ఉన్న తేడాకూడ తెలుస్తుంది.